అర మిల్లీమీటరు

కింద మెషిను మళ్ళీ మొదలైంది.

అమ్మలు చెయ్యి తీగల మీదే ఆగిపోయింది. పక్క గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్న భర్త ఉలిక్కిపడి, వాటిని పీకి బల్ల మీద పడేశాడు.

"ఇది ఆరోసారి," అన్నాడు తలుపు దగ్గరికొచ్చి. "నువ్వు మొదలుపెట్టగానే ఆయన మొదలుపెడతారు. నువ్వు ఆపగానే ఆపేస్తారు. ఇంత తాళజ్ఞానం ఉన్న మామగారు ఎవరికీ ఉండరు."

"మీరు ఊరుకోండి," అంది అమ్మలు. నవ్వు రాబోయింది కానీ రానివ్వలేదు.

మేడ మీది ఆ గదిలో చప్పుడన్నది చొరబడకుండా అయిదు రోజులుగా చేయని ప్రయత్నం లేదు. గోడలకు ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వేలాడదీశారు. కిటికీల సందుల్లో దిళ్ళు కుక్కారు. గోడ గడియారాన్ని పట్టుకెళ్ళి స్నానాల గదిలో ఖాళీ బకెట్లో పెట్టి మూత వేశారు. అంతా చేశారు గానీ, ఇంటి పెద్దను ఎక్కడ పెట్టి మూత వేయాలో ఎవరికీ తోచలేదు.

ఎనిమిది పాటలు అయిపోయాయి. తొమ్మిదోది ఒక్కటే మిగిలింది. అరువు తెచ్చిన మైకులు రేపు పొద్దున్నే వెనక్కి పంపాలి. నలభై ఏళ్ళ మనిషి, పందొమ్మిదేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ పిల్లలకు ఏ వేలు ఏ తీగ మీద పెట్టాలో చెబుతూ వచ్చిన మనిషి, ఇన్నాళ్ళకు తన పేరుతో మొదటి రికార్డు చేసుకుంటోంది. తోడు వాద్యం లేదు, గొంతు లేదు. ఒక్క గిటారు, ఒక్క మనిషి. ఆ తొమ్మిదోది లేకపోతే మిగతా ఎనిమిదీ ఎందుకు వాయించినట్టో ఆమెకే తెలియదు.

రాయబారానికి వెళ్ళిన తల్లి మెట్లెక్కి వచ్చింది.

"ఏమన్నాడమ్మా?"

"పనుందన్నారు."

"ఇంకేమన్నాడు?"

"నాతో మాట్లాడే తీరిక లేదన్నారు. ఆ ముక్క చెప్పడానికి మాత్రం పావుగంట తీరిక చేసుకున్నారు." తల్లి మంచం అంచున కూర్చుని చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "నేను చెబుతూనే ఉన్నాను, ఆ గిటారు పెట్టెను మంచం కింద పెట్టకే అని. ఆయన చెప్పుల కోసం వంగితే అదే కనబడింది. నల్ల పెట్టె, మూల సొట్ట. ఆ సొట్ట ఆయన చేతుల మీదుగా పడ్డదే, గుర్తుపట్టరూ?"

పెట్టెలో ఉన్నది తొమ్మిదో పాట కోసం తెచ్చుకున్న, అమ్మలు బాబాయి చేసిన గిటారు. బాబాయంటే ఆమె తండ్రి పెద్దమేస్త్రికి తమ్ముడు. గిటార్లు చేసే ఆ అన్నదమ్ములను వీధిలో అందరూ పెద్దమేస్త్రి, చిన్నమేస్త్రి అనే పిలుస్తారు. చిన్నమేస్త్రి కొట్టు రెండు వీధుల అవతలే. ఆ రెండు వీధులు దాటి ఇద్దరిలో ఏ ఒక్కరూ వచ్చి తొమ్మిదేళ్ళయింది.

"నేను వెళతాను," అంది అమ్మలు లేచి.

"నేనూ రానా?" అన్నాడు భర్త.

"వద్దు. మీరొస్తే నాన్న 'అల్లుడుగారూ' అని మొదలుపెడతాడు. ఆ మర్యాద నేను భరించలేను."

*

కింద పని గదిలో పెద్దమేస్త్రి మెషిను స్విచ్చి మీద చెయ్యి వేసి, తల పైకెత్తి, చెవి రిక్కించి నిలబడి ఉన్నాడు. కూతురు ఎప్పుడు వాయించడం మొదలుపెడుతుందా అని కప్పు వంక చూస్తున్నాడు. కూతురు వెనకాల నిలబడి ఉందని ఆయనకు తెలియదు.

"నాన్నా."

ఆయన ఉలిక్కిపడి స్విచ్చి నొక్కేశాడు. కొయ్య చెక్కే చిత్రిక మెషిను భోరుమంది. గోడకు వేలాడుతున్న మెడలేని గిటార్లన్నీ సన్నగా వణికాయి. అమ్మలు చుట్టూ తిరిగి వెళ్ళి తనే ఆపింది.

"మెషిన్లో కొయ్య లేదు."

"పెడతాను."

"ఎప్పుడు?"

"నా కొయ్య, నా మెషిను, నా ఇష్టం. ఏం, నీ ఇష్టం నీకు లేదూ?"

"ఎనిమిదింటిని నీ గిటారు మీదే వాయించాను కదా నాన్నా."

"అదే అడుగుతున్నాను. ఎనిమిదింటికి పనికొచ్చింది తొమ్మిదోదానికి చేదైపోయిందా?"

నేల మీద చిత్రిక పొట్టు ఉంది. అమ్మలు దాన్ని కాలి బొటనవేలితో ఇటు తోసింది, అటు తోసింది. చిన్నప్పుడు తప్పు చేసి దొరికిపోయినప్పుడు కూడా సరిగ్గా అక్కడే నిలబడి అలాగే తోసేది.

"మూడో తీగ," అంది చివరకు. "తొమ్మిదో మెట్టు."

"ఊఁ. దానికేమొచ్చింది?"

"అక్కడ స్వరం నిలవదు. ఈ పాటలో అది నాలుగు లెక్కలు మోగాలి. రెండో లెక్కకే పోతుంది. గిటారే దాన్ని మింగేస్తుంది."

మేస్త్రి ముందు నవ్వాడు. తరవాత కూతురు మొహం చూసి నవ్వు ఆపాడు.

"ఇన్నేళ్ళూ నాకు వినబడలేదే?"

"వినబడనివ్వలేదు. అక్కడికి రాగానే వేలు ఊపేదాన్ని. లేకపోతే కింది తీగ ఒకటి కలిపేదాన్ని. అది నా బాణీ అనుకున్నారు అందరూ. మొన్న ఒకాయన మెచ్చుకున్నాడు కూడా, ఆ వణుకులో ఏదో విషాదం ఉందని. విషాదం లేదు, ఏమీ లేదు. స్వరం చచ్చిపోకుండా పట్టుకుని వేలాడుతున్నాను, అంతే. మైకు ముందు ఆ వేషాలు సాగడం లేదు నాన్నా."

పెద్దమేస్త్రి ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. బల్ల మీది జిగురు గిన్నెను దగ్గరికి జరుపుకున్నాడు, మళ్ళీ దూరం జరిపాడు.

"నీకది చేసిచ్చి పందొమ్మిదేళ్ళు," అన్నాడు. "ఒక్కసారి చెప్పలేకపోయావా?"

"చెబితే బాధపడతావని."

"ఇప్పుడేం, సంబరపడుతున్నానా?"

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. ఈ తండ్రీకూతుళ్ళ మధ్య అరుపులకు ఎవరూ భయపడరు. తల్లి పైనుంచి వింటూ వంట చేసుకుంటుంది. ఈ మాటలేనితనానికి మాత్రం ఆవిడ పొయ్యి కట్టేసి మెట్ల మీదికి వచ్చింది.

"సరే, నాది పనికిరాదు," అన్నాడు మేస్త్రి. "వాడిదే కావాల్సొచ్చిందా? ఊళ్ళో ఇంకెవరూ చేయడం లేదా?"

"చేస్తున్నారు. అయిదారు వాయించి చూశాను. ఏదీ నా చేతికి కుదరలేదు. ఇదొక్కటే కొత్తగా అనిపించలేదు."

"అనిపించదు. వాడు మహా మాయగాడు. నా పేరుతో వెళ్ళాల్సిన ఆ గిటారుకే, నాతో ఒక్క మాట చెప్పకుండా, పై పలక చిత్రిక పట్టి అర మిల్లీమీటరు పల్చన చేశాడు. అర మిల్లీమీటరు! అలా తీసేస్తే ఎవడిదైనా మోగుతుంది. మోగి మోగి పదేళ్ళకి పొట్ట ఉబ్బి మూలబడుతుంది. ఆ రోజు వాడి మొహం మీదే చెప్పాను."

"తొమ్మిదేళ్ళయింది నాన్నా."

"ఇంకో ఏడుంది."

మెట్ల మీదినుంచి తల్లి కిందికి దిగింది. "అయ్యాయా మీ వాదనలు? ఇక నా మాట వినండి. నాకు సంగీతం రాదు. మీ మూడో తీగేదో ఏడో తీగేదో నాకు తెలియదు."

"ఏడో తీగ ఉండదే."

"చూశారా, అదీ తెలియదు. కానీ ఒకటి చెబుతాను. రెండు గిటార్లూ వాయిస్తుంది. మీరు గోడవైపు తిరిగి కూర్చోండి. ఏది బాగుందో మీ నోటితో మీరే చెప్పండి. మీదే బాగుందంటే అదే వాయిస్తుంది, నోరెత్తదు. కాదంటే ఈ మెషిను ఫ్యూజు తెచ్చి నా చేతిలో పెట్టాలి."

"నా గిటారుని నేను గుర్తుపట్టలేనని నీ ఉద్దేశమా?"

"గుర్తుపట్టమనలేదు. ఏది బాగుందో చెప్పమన్నాను."

"రెండూ ఒకటేలే," అన్నాడు పెద్దమేస్త్రి లేస్తూ.

*

ఆయన ఊరికే రాలేదు. చేతులు కడుక్కుని, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గోడకు వేలాడుతున్న పువ్వుల దుప్పటికి ఎదురుగా కుర్చీ వేయించుకుని, వీపు ఇటు పెట్టి దర్జాగా కూర్చున్నాడు.

"కళ్ళకు గంతలు అక్కర్లేదు కదా మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

"మా ఇంటావంటా మాట తప్పడం లేదు అల్లుడుగారూ."

అమ్మలు భర్త వంక ఉరిమి చూసింది. అతను నోటి మీద వేలు వేసుకుని గోడ పక్కకు తప్పుకున్నాడు.

ఏది ముందు అన్నది తల్లి నిర్ణయించింది. పెద్దమేస్త్రి చేసిన గిటారును వేలితో చూపించింది. అమ్మలు దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. పందొమ్మిదేళ్ళ అలవాటు కాబట్టి అది దానంతటదే వచ్చి కుదురుకుంది.

పాట మొదలుపెట్టింది. మెల్లగా నడిచే పాట, తొందరపెడితే విరిగిపోతుంది. ఆ స్వరం ఇంకా పన్నెండు లెక్కల దూరంలో ఉందనగా అమ్మలు తన ఎడమచేతి వేలి వంక చూసుకుంది. ఇప్పుడు వేలు కాస్త ఊపితే చాలు. ఎప్పటిలాగే నాన్న పరువు నిలబడిపోతుంది. ఎవరికీ తెలియదు. వేలికి అలవాటే, అడక్కుండానే ఊగడానికి సిద్ధంగా ఉంది. ఊపకుండా పట్టుకోవడమే కష్టమైంది.

ఊపలేదు. స్వరం మోగింది, రెండో లెక్కకు ముడుచుకుపోయింది. ఆ తరవాతి రెండు లెక్కలూ గదిలో ఏమీ లేదు.

మేస్త్రి వీపు కదల్లేదు.

రెండో గిటారు తీసుకుంది. అదే పాట, అదే నడక. ఆ స్వరం వచ్చింది, నిలబడింది. మూడో లెక్కకు ఇంకాస్త విచ్చుకుంది, నాలుగో లెక్క దాటి, తరవాతి స్వరం వచ్చి భుజం తడితే తప్ప కదలనన్నట్టు ఉంది. అమ్మలు చివరిదాకా వాయించి చెయ్యి తీసింది.

అల్లుడు శ్వాస కూడా మెల్లగా వదిలాడు.

"రెండోది," అన్నాడు పెద్దమేస్త్రి. "సందేహమే లేదు. రెండోది బాగుంది."

తల్లి ఫ్యూజు కోసం చెయ్యి చాచబోయింది.

"రెండోది నాది," అన్నాడు ఆయన.

తల్లి చెయ్యి మధ్యలోనే ఆగింది.

"మొదటిది వాడిది. విన్నారా? ఆర్భాటంగా మొదలెట్టి సగంలో చతికిలబడింది. పల్చటి పలక లక్షణమే అది. ఇంకో ఏడుందన్నాను గానీ, అప్పుడే పోయింది." దుప్పటి మీది పువ్వులకు చెబుతున్నాడు ఆయన, ఒక చెయ్యి గాలిలో ఆడిస్తూ. "రెండోదాన్ని చూడండి. తొందర లేదు, కంగారు లేదు. అడిగినంతసేపు నిలబడింది. అమ్మలూ, స్వరం పోతుందన్నావే, ఏదీ, ఎక్కడ పోయింది? నువ్వే ఏదో పొరపాటు పడ్డావమ్మా. పర్వాలేదులే, నేనేమీ అనుకోను."

ఆయన అంత సంతోషంగా మాట్లాడి చాలా రోజులైంది.

అల్లుడు నోరు తెరిచాడు. అత్తగారు చూసిన చూపుకి మూసేశాడు. ఆవిడకు సంగీతం రాదు గానీ మొహాలు చదవడం వచ్చు. తరవాత కూతురు వంక చూసి తల అడ్డంగా ఊపింది. చెప్పకు అని.

చెప్పకపోతే అన్నీ బాగానే ఉంటాయి. ఆయన ఇటు తిరక్కుండా కిందికి వెళ్ళిపోతే చాలు. మెషిను మోగదు. తనకు కావలసిన గిటారు మీదే తొమ్మిదో పాట అయిపోతుంది. ఆయన ఈ వీధంతా తిరిగి తన గిటారు గురించి చెప్పుకుంటాడు. ఎవరికీ నష్టం లేదు. పందొమ్మిదేళ్ళు దాచింది, ఇంకొక్కరోజు దాచలేదా?

దాచలేకపోయింది. అమ్మలుకి ఒక్కసారిగా విసుగేసింది. నాన్న మీద కాదు, ఆ వేలి మీద.

"నాన్నా," అంది. "ఇటు తిరుగు."

"తిరుగుతాలే. ముందు మీ అమ్మని ఒప్పుకోమను, నేను..."

"ఇటు తిరుగు నాన్నా."

ఆయన నవ్వుతూనే తిరిగాడు. కూతురు ఒళ్ళో ఉన్న గిటారును చూశాడు. గోడకు ఆనించి ఉన్న గిటారును చూశాడు. మళ్ళీ ఒళ్ళోదాన్ని చూశాడు.

నవ్వు వెంటనే పోలేదు. దాన్ని ఏం చేయాలో ఆయనకు తెలియనట్టుంది.

"గది వల్ల మామయ్యగారూ," అన్నాడు అల్లుడు. "ఇన్ని దుప్పట్లు కట్టాక ఎవరి చెవులైనా..."

"గదిని అనకండి అల్లుడుగారూ. రెండిటికీ అదే గది."

లేచి వచ్చి తమ్ముడి గిటారును అందుకున్నాడు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి పొట్ట చూశాడు. ఉబ్బలేదు. వేలి కణుపుతో పలక మీద తట్టాడు, చెవి ఆనించి మళ్ళీ తట్టాడు. కళ్ళజోడు సవరించుకుని గుండ్రటి కంతలోంచి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పలక కింది బద్దెలు నావే," అన్నాడు మెల్లగా. "ఏడు బద్దెలు, విసనకర్రలా. ఆ చివర రెండూ వాలుగా చెక్కడం నేనే నేర్పాను. చెయ్యి పట్టుకుని నేర్పాను. అంతా నాదే. ఒక్క పలక తప్ప."

గిటారును జాగ్రత్తగా కూతురి చేతికిచ్చాడు. "కానివ్వండి మరి. సాయంత్రమైతే బయట పిట్టల గోల మొదలవుతుంది," అని చెప్పి మెట్లు దిగి వెళ్ళాడు.

రెండు నిమిషాలకు మళ్ళీ ఎక్కి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, ఫ్యూజు తీసుకొచ్చి భార్య చేతిలో పెట్టి, మళ్ళీ దిగి వెళ్ళాడు.

*

మూడోసారికి పాట కుదిరింది.

ఎప్పుడు కుదిరిందో అమ్మలుకి వాయిస్తుండగానే తెలిసింది. ఆ స్వరం దగ్గర ఆమె వేలు ఊరికే కూర్చుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి దానికి అక్కడ చేయాల్సిన పనేమీ లేదు. మోగుతున్నదాన్ని తనూ వింటూ కూర్చుంది. ఆనందం వేసింది. నాన్న సంగతి గుర్తొచ్చినా ఆ ఆనందం తగ్గలేదు, అందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

చివరి స్వరం పూర్తిగా ఆగేదాకా భర్త కదల్లేదు. తరవాత హెడ్‌ఫోన్లు తీసి, "అయిపోయింది," అన్నాడు. "అమ్మలూ, నీ రికార్డు అయిపోయింది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పిచ్చివాళ్ళలా నవ్వారు. తల్లి వచ్చి కూతురి రెండు చెంపలూ నొక్కి, బకెట్లోంచి గడియారం తీయడానికి వెళ్ళింది.

ఆవిడ తలుపు తీసేసరికి పెద్దమేస్త్రి పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"నాకూ వినిపించండి," అన్నాడు.

అల్లుడు ఆయనను తన కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ స్వరం దగ్గరికి వచ్చేసరికి ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ నాలుగు వేళ్ళనూ అలాగే పిడికిట్లో పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"బాగా వాయించావు తల్లీ," అన్నాడు హెడ్‌ఫోన్లు తీసి. "చాలా బాగా వాయించావు." తరవాత భార్య వైపు తిరిగాడు. "వాడి నంబరుందా?"

"ఎవడిది?"

"ఎవడిదంటావేమిటే!"

తల్లి ఫోను తీసి నొక్కి ఇచ్చింది. మరిది నంబరు వెతుక్కోవాల్సిన పని ఆవిడకు పడలేదని ఆయన గమనించాడు. ఆ సంగతి తరవాత అడగవచ్చు అనుకున్నట్టుంది, ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"ఒరేయ్. నేనే."

అవతల ఏమన్నారో ఇవతల ఎవరికీ వినబడలేదు.

"నేనేరా, అన్నయ్యని. ఆఁ... అందరూ బాగానే ఉన్నారు. కాదు, ఎవరికీ ఏమీ కాలేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నీ గిటారు విన్నాన్రా. నాది అనుకున్నాను."

అవతల ఏదో అడిగారు.

"ఆఁ, అదే. పల్చటిదే. అటు తిరిగి కూర్చుని విని, ఇది నాది అని చెప్పాను. అందరి ముందూ చెప్పాను."

చాలాసేపు ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాడు. కనుబొమలు ముడివడ్డాయి. ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. ఆఖరికి దాన్ని కూతురి చేతికిచ్చాడు.

"చూడమ్మా, వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియడం లేదు. నా చెవులు ఇవాళ బాగాలేవు."

అమ్మలు ఫోను అందుకుంది. "బాబాయ్?"

అవతల ముక్కు చీదిన చప్పుడు. తరవాత, "అమ్మలూ, ఆయన్నడుగు. నన్ను రమ్మంటున్నాడా?"

"నాన్నా, రమ్మంటావా అని అడుగుతున్నాడు."

"నేనెప్పుడన్నా వద్దన్నానా?" అన్నాడు పెద్దమేస్త్రి. తొమ్మిదేళ్ళ కిందట ఆయన ఏమన్నాడో వీధిలో సగం మందికి కంఠతా వచ్చు.

"వస్తే మళ్ళీ ఆ పలక సంగతి ఎత్తుతాడా, అది కూడా అడుగు," అంది ఫోను.

అమ్మలు అడగక్కర్లేకపోయింది. చిన్నమేస్త్రి గొంతు గదంతా వినబడింది.

పెద్దమేస్త్రి గోడకు ఆనించి ఉన్న తన గిటారును తీసుకున్నాడు. మూడో తీగ, తొమ్మిదో మెట్టు పట్టి ఒక్కసారి మీటాడు. వేలు ఊపలేదు. అది ఒకటీ రెండూ మోగి ఊరుకుంది.

"ఎత్తక ఊరుకుంటానా?" అన్నాడు. "చిత్రిక తెచ్చుకోమను."